ఎవరి కళ్ళతో చూశారు

ఆ వీధి మూల కొట్టులో మిషను ముందు కూర్చునే ఆవిడ ఊరందరికీ కుట్టు వదినే. వరస కుదిరినా కుదరకపోయినా అంతే. పొట్ట పెరిగిన పెద్దాయన ఒకరు వచ్చి, "వదినా, ప్యాంటు బిగుతైపోయిందమ్మా" అంటే, "ప్యాంటు ఉన్నచోటే ఉంది బాబాయ్, నువ్వే హద్దు దాటావు" అనేది. తిట్టించుకున్నవాళ్ళే మళ్ళీ మళ్ళీ వచ్చేవారు. ఏడేళ్ళ కిందట భర్త పోయాక ఆ మిషనూ ఆ నోరూ లేకపోతే తను ఏమైపోయేదో ఆవిడకే తెలియదు.

ఆ రెండింటికీ తోడు కథలు. అది మాస్టారి చలవ. బడి నుంచి రిటైరైన మనిషి, ఒంటరివాడు. భర్త పోయిన కొత్తలో చొక్కా కొలతలివ్వడానికి వచ్చి, ఆవిడ మాటలు వింటూ చాలాసేపు కూర్చుండిపోయారు. పోతూ పోతూ, "నోటితో ఇంత బాగా చెబుతావు, కాగితం మీద పెట్టవేం తల్లీ?" అన్నారు. అలా మొదలైంది. కన్నతండ్రి కూడా తన గురించి అంత పట్టించుకోలేదని వదిన అందరితో చెప్పుకునేది.

ఆదివారం మధ్యాహ్నాలు ఊళ్ళోని అచ్చు ప్రెస్సు మేడ మీద గదిలో కథలు చదువుకోవడానికి నలుగురు చేరేవారు. మాస్టారు, వదిన, మందుల కొట్టు పిన్ని, కరెంటు పనిచేసే తమ్ముడు. కింద మిషన్లు ఆగిపోయి ఉండేవి కానీ సిరా వాసన మాత్రం మెట్లెక్కి వచ్చేది. అక్కడ మాస్టారి మాటే శాసనం. కథ ఎవరి కళ్ళతో చెబుతున్నారో వాళ్ళకి కనిపించిందే రాయాలి, అంతకు మించి ఒక్క ముక్క రాయకూడదు. వదిన మొదటి కథలో ఉయ్యాల్లో పసిపాప నానమ్మ గాజుల ఖరీదు చెప్పేసింది. "ఈ పిల్ల పుట్టగానే బంగారం కొట్టుకి వెళ్ళొచ్చిందా?" అని మాస్టారు నెలరోజులు ఏడిపించారు.

ఏడాదికొకసారి అక్కడ చీట్లు తీసేవారు. ఎవరి బతుకులో జరిగిన సంగతి వాళ్ళు చెప్పాలి, చీటీ ఎవరికొస్తే వాళ్ళు దాన్ని కథగా రాయాలి. రాసినవాళ్ళు చదవకూడదు, వేరేవాళ్ళు చదవాలి. ఈసారి వదిన చీటీ మాస్టారికి వచ్చింది.

"నావల్ల కాదు. తమ్ముడికిచ్చెయ్యండి" అన్నారాయన, చీటీ బల్ల మీద పెట్టేసి.

"మీరైతేనే మా ఆయనకి న్యాయం చేస్తారు మాస్టారూ" అని వదిన పట్టుబట్టింది.

ఆవిడ చెప్పిందల్లా ఇంతే. భర్తకి రొట్టెల ఫ్యాక్టరీలో పొయ్యి దగ్గర పని. తెల్లారగట్ల వానలో నడిచి వెళుతుంటే ఎదురుగా వచ్చిన కారు గుద్దేసింది. చూసినవాడు సైకిలు కొట్టు తాత ఒక్కడే. కొట్టు భర్త వెనకవైపు ఉండటంతో తాతకి అతని వీపూ, కారు లైట్ల వెలుగూ తప్ప ఇంకేం కనిపించలేదు. తాత ఫోన్ చేద్దామని లోపలికెళ్ళి వచ్చేసరికి కారు లేదు, మనిషిలో ప్రాణమూ లేదు. ఆ కారెవరిదో ఇంతవరకూ తేలలేదు. ఆవిడ ఏడేళ్ళుగా కడుపులో మోస్తున్న ప్రశ్న అదొక్కటే.

మాస్టారు కథని తాత కళ్ళతో రాసుకొచ్చారు. పిన్ని కళ్ళజోడు తుడుచుకుని చదువుతోంది. వదిన గోడకి జారబడి కళ్ళు మూసుకుని వింటోంది. తాత దగ్గూ, షట్టరు చప్పుడూ అన్నీ అచ్చం ఉన్నట్టే ఉన్నాయి. పిన్ని పేజీ తిప్పింది.

"'వాన చారల మధ్య ఆ ముఖం స్పష్టంగా కనిపించింది. అంతలోనే చెరిగిపోయింది. మళ్ళీ కనిపించింది. మెడ దగ్గర కోటు అంచుల్ని పిడికిట్లో బిగించి పట్టుకుని అతను తలెత్తి చూశాడు.'"

వదిన చటుక్కున కళ్ళు తెరిచింది. "ఆగు పిన్నీ, ఆగు! మాస్టారు దొరికిపోయారు! తాతకి కనిపించేది వీపు కదా, ముఖం ఎలా కనిపించిందండీ? అదీ కనిపించి, చెరిగి, మళ్ళీ కనిపించడానికి తాత కళ్ళకేమైనా వైపర్లున్నాయా?"

తమ్ముడు పగలబడి నవ్వాడు. "మాస్టారి చేత గుంజీలు తీయించాల్సిందే!"

"పొరపాటే. కొట్టెయ్యండి. అదేదో... రాసేటప్పుడు..." అని మాస్టారు నీళ్ళు నమిలారు.

"కొట్టేస్తే ఎలా, దిద్దుకుందాం. మళ్ళీ చదువు పిన్నీ" అంది వదిన, ఇంకా నవ్వుతూనే.

పిన్ని మళ్ళీ చదివింది. ఈసారి పిడికిలి అన్న మాట దగ్గర వదిన నవ్వు ఆగిపోయింది.

ఆ వానకోటు తనే కుట్టింది, ముందురోజు సాయంత్రం. మెడ దగ్గరికొచ్చేసరికి గుండీలు అయిపోయాయి. "ఈ పూటకి చేత్తో పట్టుకుని వెళ్ళు, వచ్చాక కుడతాను" అని భర్తని పంపింది. ఈ ముక్క ఆవిడ పోలీసులకి చెప్పలేదు, కన్నతల్లికి చెప్పలేదు. వీపు చూసిన తాతకి తెలిసే దారే లేదు.

వానలో ఎవరైనా మెడ దగ్గర గుడ్డ పట్టుకుంటారు, ఆయన ఊహించి రాసుంటారు అని ఆవిడ మనసు మాస్టారి తరఫున వకాల్తా పుచ్చుకుంది. తల తిప్పి ఆయన వైపు చూసింది. తేలు కుట్టిన దొంగలా కూర్చుని ఉన్నాడాయన. దేవుడి తర్వాత దేవుడనుకున్న మనిషి!

"ఎవరి కళ్ళతో చూశారు మాస్టారూ?"

తమ్ముడు ఏం అర్థం కాక వీళ్ళ ముఖాలూ వాళ్ళ ముఖాలూ చూస్తున్నాడు. పిన్ని చేతిలో కాగితాలు ఒళ్ళోకి జారాయి.

"తాతని అడ్డం పెట్టుకోకండి" అంది వదిన. "నేను అని మొదలుపెట్టి చెప్పండి. మీకు కనిపించిందే చెప్పండి."

మాస్టారు బల్ల వైపు చూస్తూ మొదలుపెట్టారు.

"నేను... నేను కారు దిగాను తల్లీ. అతను బతికే ఉన్నాడు. నన్ను చూశాడు. 'మూల మీద కుట్టు కొట్టు... మా ఆవిడకి చెప్పండి' అన్నాడు. చెబుతానన్నాను. ఆస్పత్రికి తీసుకెళతానని మాత్రం అనలేదు. భయపడ్డాను. ఎక్కి వెళ్ళిపోయాను. చెబుదామనే మీ కొట్టుకి వచ్చాను. నువ్వు టేపు పట్టుకుని నిలబడి, 'ఏం కుట్టాలి బాబుగారూ' అన్నావు. చొక్కా అన్నాను."

బతికే ఉన్నాడు! ఆవిడకి మిగతా మాటలేవీ చెవికెక్కలేదు. అక్కడికక్కడే ప్రాణం పోయింది, నొప్పి తెలిసి ఉండదు అని అందరూ చెప్పిన ఆ ఒక్క మాటనే పట్టుకుని ఇన్నాళ్ళూ నిద్రపోయింది. ఇప్పుడు ఆ మాట కూడా లేదు. తిట్టాలనుకుంది. ఊరందరినీ తిట్టే నోటికి ఒక్క తిట్టూ దొరకలేదు.

"లేవండి" అంది చివరికి. "స్టేషన్‌కి వెళదాం."

"రేపు వెళ్ళొచ్చేమో వదినా, కాస్త స్థిమితపడ్డాక..." అని పిన్ని గొణిగింది.

"ఇప్పుడే. ఇక్కడ ఎలా చెప్పారో అక్కడా అలాగే చెప్పాలి."

మాస్టారు లేచి చెప్పులేసుకున్నారు. మెట్లు దిగుతుంటే కాలు జారి ముందుకు తూలారు. వదిన ఎప్పటిలాగే గబుక్కున ఆయన రెక్క పట్టుకుంది. పట్టుకున్నాక గుర్తొచ్చింది, అది ఎవరి రెక్కో. వదిలేస్తే మెట్ల మీంచి పడిపోతాడు.

స్టేషన్ గుమ్మం దాకా ఆవిడ వదల్లేదు.