అక్క నొక్కిన రౌటర్ బటన్

దెయ్యాల కథలు చెప్పేవాళ్లను ఆటపట్టించే రకం నేను. ఏ వింత చూసినా ముందు వైరు ఎక్కడ లూజైందో వెతుకుతాను. ఇది మాత్రం నా వెతుకులాటకు అందలేదు.

గొంతు ఆపరేషన్ కోసం మా అక్క బెంగళూరు హూడిలోని మా అద్దె ఇంటికి వచ్చింది. ఆపరేషన్ అయ్యాక మాట పోయింది. మా ఆవిడ పగలు ఉద్యోగానికి వెళ్తుంది. నేను పక్క గదిలోనే ఆఫీసు పని చేస్తాను కానీ చెవులకు హెడ్‌సెట్ ఉంటుంది. పిలవాలంటే ఎలా?

ఆమె మంచం పక్కనే వైఫై రౌటర్ ఉంది. దానికి ఫోన్లు కలపడానికి ఒక బటన్, పెన్‌డ్రైవ్ పెడితే వెలిగే ఒక లైటు ఉన్నాయి. రెండూ మేమెప్పుడూ వాడలేదు. లోపలి సాఫ్ట్‌వేర్ మార్చేశాను. బటన్ నొక్కితే ఆ లైటు వెలిగి నా ఫోన్ మోగుతుంది. నేను 'చూశాను' అని నొక్కితే లైటు ఆరుతుంది. ఆరిందంటే తమ్ముడు వస్తున్నాడని అర్థం. మొదటిసారి లైటు ఆరగానే నేను గుమ్మంలో కనపడితే అక్క చప్పట్లు కొట్టింది.

తర్వాత మాటిమాటికీ నొక్కేది. ఫ్యాన్ తగ్గించమని, దుప్పటి జారిందని, ఒక్కోసారి ఊరికే పక్కన కూర్చోమని. మీటింగుల మధ్యలో చిరాకెత్తేది. ఆఫీసులో సర్వర్ల అలారాలు మోగితే మేం ముందు 'చూశాను' అని కొట్టేసి నోరు మూయిస్తాం, తర్వాత తీరిగ్గా చూస్తాం. ఇక్కడా అదే చేశాను. మీటింగ్ ఉంటే ఫోన్ మోగకుండా, కాసేపటికి 'చూశాను' అని దానంతటదే జవాబు వెళ్లి లైటు ఆరిపోయేలా రాసేశాను. అక్కకు చెప్పలేదు.

ఒక మధ్యాహ్నం నేను మీటింగ్‌లో ఉండగా కింద ఉండే ఓనరమ్మ అక్కకు మజ్జిగ తెచ్చి, హెడ్‌సెట్ ఉన్నా నాకు వినపడేంతగా గదిలోంచి కేక పెట్టింది. నేను పరుగెత్తేసరికే అక్క ప్రాణం పోయింది. గుండె ఆగిందన్నారు డాక్టర్లు.

"బటన్ మీదే వేలు పెట్టుకోనుండాదప్పా. లైటు దిక్కే చూస్తా ఉండాది" అంది ఓనరమ్మ.

ఫోన్ తీశాను. వరసగా అక్క పిలుపులు. అన్నిటికీ 'చూశాను' అని నా పేరుతో జవాబు వెళ్లింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

దినాలు అయిపోయాక ఆ సాఫ్ట్‌వేర్ తుడిచేసి, రౌటర్‌తో వచ్చిందే మళ్లీ ఎక్కించాను. ఇప్పుడు ఆ బటన్‌కీ లైటుకీ సంబంధమే లేదు. పెన్‌డ్రైవూ లేదు. అయినా లైటు వెలుగుతుంది. అడాప్టర్ మార్చాను, సాకెట్ మార్చాను. లాభం లేదు. మా ఆవిడ కూడా చూసింది. "ఏమండీ, మళ్లీ వెలిగింది, పోండి" అంటుంది, నా ముఖం చూడకుండా.

ఎంతసేపు వదిలేసినా ఆరదు. నేను లేచి వెళ్లి ఆ ఖాళీ మంచం పక్కన కూర్చుంటే ఆరుతుంది. ఎందుకో నాకు ఈనాటికీ తెలియదు.

పారేసి కొత్త రౌటర్ కొనమని స్నేహితులు అంటున్నారు. చేతులు రావడం లేదు. ఇది కూడా తీసేస్తే అక్క నన్ను ఎలా పిలుస్తుంది?