పద్దెనిమిది నెలల నవ్వుముఖం

మా పిన్ని కూతురు నాకంటే నాలుగేళ్లు పెద్ద. పుట్టినప్పటి నుంచీ కోపం ముక్కు మీదే ఉండేది కాబట్టి ఇంట్లో అందరూ చిటపట అనేవాళ్లు. నేను మాత్రం అక్కా అనేదాన్ని. నేను కూడా చిటపట అంటే నా వీపు విమానం మోత మోగేది. చదువయ్యాక ఒక కళ్లజోళ్ల దుకాణంలో చేరింది. వెనక గదిలో కూర్చుని అద్దాలని ఫ్రేములకి సరిపోయేలా అరగదీసే పని. మనుషులతో మాట్లాడక్కర్లేదు, అదృష్టం, అనేది పిన్ని.

అలాంటి అక్క, ఇరవై రెండో ఏట, పరాయి దేశంలో గడపగడపా తిరిగి దేవుడి మాట చెప్పడానికి బయల్దేరింది.

జనం మార్మన్లు అని పిలిచే చర్చిలో పిన్నీ బాబాయీ చేరి అప్పటికి నాలుగేళ్లయింది. అక్క కూడా వాళ్లతోపాటే చేరింది. ఆ చర్చిలో కొందరు అమ్మాయిలు ఏడాదిన్నర, అబ్బాయిలు రెండేళ్లు మిషనరీలుగా వెళ్తారు. ఏ దేశమో వాళ్లు ఎంచుకోరు, పంపిన చోటికి పోవడమే. అక్కని ఎవరూ వెళ్లమనలేదు, తనే అడిగి వెళ్లింది. ఇది ముందే చెప్తున్నాను, లేకపోతే పాపం పిల్లని ఎవరో తోసేశారనుకుంటారు. అలా జాలి పడేవాళ్లని చూస్తే అక్కకి ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

దిగిన మొదటి రోజే మండడం మొదలైంది. చొక్కా మీద నల్ల బిళ్ల పెట్టారు. దాని మీద సిస్టర్ అనీ, ఇంటిపేరూ మాత్రమే ఉంటాయి. అసలు పేరు పద్దెనిమిది నెలలు పెట్టెలో పెట్టి తాళం వేసుకోవాల్సిందే. పోనీ అనుకుంటే, మా పిన్ని వాళ్ల ఇంటిపేరు అక్కడి భాషలో పలికితే ‘తడిగుడ్డ’ అని అర్థం వస్తుందట. తలుపు తీసిన ప్రతివాళ్లూ బిళ్ల చదివి, ఒకసారి అక్క మొహం చూసి, మళ్లీ బిళ్ల చదివి, పెదాలు బిగబట్టుకునేవాళ్లు. కొందరు అది కూడా చేసేవాళ్లు కాదు, బాహాటంగానే నవ్వేసేవాళ్లు.

మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరు తిరగాలి. స్నానాల గదిలో తప్ప ఒకరికొకరు కనుచూపు మేరలోనే ఉండాలి. అక్కకి జోడీగా పడ్డ అమ్మాయి ఒక పళ్ల డాక్టరు కూతురు. ముప్ఫై రెండు పళ్లూ ముత్యాల్లా ఉండేవి, అవి పొద్దున ఆరున్నరకి బయటికొస్తే రాత్రి దీపం ఆర్పేదాకా లోపలికి వెళ్లేవి కావు. అప్పటికే ఆ ఊళ్లో ఆర్నెల్లు చేసింది, భాష గడగడా మాట్లాడేది. తలుపు తట్టే ముందు ప్రతిసారీ అక్క వైపు తిరిగి, “నవ్వు, సిస్టర్, నవ్వు” అనేది.

“రోజుకి నలభై తలుపులు తట్టేవాళ్లం. ముప్ఫై ఎనిమిది మొహం మీదే మూసేవాళ్లు. నేను పళ్లికిలించుకుని నిలబడాలి. దవడలు పీకేవి,” అని అక్క చెప్పింది నాకు.

మొదటి నెలలో జరిగిన సంగతి ఒకటి ఇప్పటికీ ఎవరైనా ఎత్తితే అక్క అక్కడినుంచి లేచిపోతుంది. ఆ భాషలో ‘మంచి వార్త’ అన్నదానికీ ‘పేల మందు’ అన్నదానికీ ఒక్క దీర్ఘమే తేడా. ఒక ఇంటావిడ తలుపు తీసింది, వెనకాల ముగ్గురు ఆడపిల్లలు. అక్క ఊపిరి పీల్చుకుని, నవ్వు తగిలించుకుని, “మీ ఇంటిల్లిపాదికీ పేల మందు తెచ్చాం” అంది. ఆవిడ గభాలున తల తడుముకుంది. తర్వాత పిల్లల తలలు చూసింది. ఆ తర్వాత, “మా ఇంట్లో పేలున్నాయని నీకెవరు చెప్పారే?” అని మెట్ల దాకా తరిమింది. పళ్ల డాక్టరు గారమ్మాయి కింద వీధిలో నిలబడి, నవ్వుతూనే, “దీర్ఘం, సిస్టర్, దీర్ఘం” అంది. అక్క చేతిలో పుస్తకం ఉండబట్టి సరిపోయింది, రాయి ఉంటే ఏమయ్యేదో.

చర్చికొచ్చే ఒక మంగలాయన మంచి మనిషి. ఎవరు కనబడినా రెండు చేతులూ చాచి కౌగిలించుకునేవాడు. మిషనరీ అమ్మాయిలు మగవాళ్లని కౌగిలించుకోకూడదని నియమం, చెయ్యి కలపచ్చు. ఆయన చేతులు చాచుకుని వస్తుంటే అక్క కంగారుగా చెయ్యి ముందుకి పొడిచింది. అది సరిగ్గా ఆయన పొట్టలో దిగింది. ఆయన హుప్పుమని వంగిపోయాడు. తర్వాత వారాల తరబడి అక్కని చూస్తే ముందు పొట్టకి చెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. అది సరదాకే అని అందరికీ తెలుసు. అక్కకి మాత్రం తల కొట్టేసినట్టుండేది.

ఇలా నాలుగు నెలలు గడిచాక కండక్టరమ్మ దొరికింది.

ముప్ఫై ఒక్కేళ్లు బస్సుల్లో టిక్కెట్లు కొట్టి రిటైరైన మనిషి. లిఫ్టు పనిచేయని మేడలో మూడో అంతస్తు, కిటికీ తెరిస్తే ఎదురుగా బస్సు డిపో. ఇంజను పక్కన నిలబడి నిలబడి ఎడమ చెవి పోయింది, అందుకని మాట్లాడితే అరిచినట్టుండేది. మోకాళ్లు అరిగిపోయి కిందికి దిగలేదు, పలకరించడానికి పైకి ఎక్కేవాళ్లూ లేరు. ఆవిడ వీళ్లిద్దరినీ లోపలికి రమ్మని, కుర్చీలు తుడిచి, టీ పెట్టి తెచ్చింది.

ఆ చర్చివాళ్లు టీ, కాఫీ తాగకూడదు. పళ్ల డాక్టరు గారమ్మాయి నవ్వుతూ వద్దంది.

కండక్టరమ్మ కప్పులు బల్ల మీద ఠపీమని పెట్టింది. “నా ఇంటికొచ్చి, నా కుర్చీలో కూర్చుని, నా బతుకు మార్చుకోమంటారు. నా కప్పు మాత్రం ముట్టరు. ఏం, విషం కలిపానా?”

పళ్ల డాక్టరు గారమ్మాయి నియమం గురించి చక్కగా వివరించడం మొదలుపెట్టింది. అక్క ఆ మాటకి అడ్డం పడింది. వచ్చీరాని భాషలో, కూడబలుక్కుంటూ, “విషం కాదమ్మా. నాకు టీ ప్రాణం. పద్దెనిమిదేళ్లు తాగాను. మానేస్తానని మాటిచ్చాను. మీ టీ వాసనకి ఏడుపొస్తోంది. నాకూ కోపంగానే ఉంది. వేడినీళ్లివ్వండి, ఎన్ని కప్పులైనా తాగుతాను” అంది.

కండక్టరమ్మ అక్కని ఎగాదిగా చూసింది. తర్వాత అవే కప్పుల్లో వేడినీళ్లు పోసుకొచ్చింది. అక్క మూడు కప్పులు తాగింది.

అప్పటినుంచి ప్రతి గురువారం వెళ్లేవాళ్లు. పుస్తకం తెరవగానే ఆవిడ చెవుడు పెరిగిపోయేది. అక్క ఉచ్చారణ విషయానికొచ్చేసరికి మాత్రం చీమ చిటుక్కుమన్నా వినబడేది. “అది దీర్ఘమా? అట్లా సాగదీస్తే దీర్ఘమంటారా? నాతోపాటు అను!” అని పాత రూటులో స్టాపులన్నీ వరసగా అరిపించేది. అక్క గొంతెత్తి అరిచేది. కింద డిపోలో డ్రైవర్లు తలెత్తి చూసేవాళ్లు. రెండు నెలల్లో అక్కకి భాష వచ్చేసింది, కాకపోతే వచ్చింది కండక్టరు భాష. చర్చిలో ఒకరోజు బెంచీల మధ్య జనం ఆగిపోతే, “లోపలికి జరగండి, లోపలంతా ఖాళీనే!” అని ఒక్క అరుపు అరిచింది. ప్రసంగం చెప్పే ఆయన కూడా ఒక అడుగు జరిగాడు.

తొమ్మిదో వారం, పనులు రాసుకునే పుస్తకంలో కండక్టరమ్మ పేరు మీద పళ్ల డాక్టరు గారమ్మాయి గీత గీసింది.

“ఆవిడ చర్చికి రాదు, మనమిచ్చిన పుస్తకం చదవదు. వినేవాళ్లు ఇంకెక్కడో ఉన్నారు, సిస్టర్. మన టైం వాళ్లకివ్వాలి.”

“ఆవిడకి మోకాళ్లు లేవు, చర్చికెలా వస్తుంది?”

“కారు పంపుతామంటే కూడా వద్దంది కదా.”

అది నిజమే. ఆ గురువారం ఇద్దరూ మూడంతస్తులు ఎక్కారు. పళ్ల డాక్టరు గారమ్మాయి గుమ్మంలోనే నిలబడి, ఇకమీదట కొంచెం పనుంటుందనీ, రావడం కుదరకపోవచ్చనీ, అదే నవ్వుతో చెప్పింది.

కండక్టరమ్మ నవ్వలేదు, అరవలేదు. “నన్ను దింపేస్తున్నారన్నమాట,” అంది, ఎప్పుడూ లేనంత మెల్లగా. తలుపు కూడా మెల్లగానే వేసింది.

మెట్ల మీద అక్క బద్దలైంది. ఆరు నెలల్లో మొదటిసారి నోరారా తెలుగులో తిట్టింది. “మనిషంటే నీకు లెక్కేనా? వస్తే ఒక గీత, రాకపోతే ఒక గీతా? సిగ్గుందా నీకు? ఆ పళ్లు ఎప్పుడైనా మూస్తావా? మూడు కప్పులు నీళ్లు పోసిన చెయ్యి, దానికి జవాబు చెప్పు!” రెండంతస్తుల్లో తలుపులు తెరుచుకున్నాయి. ఎంత తట్టినా తీయనివాళ్లు కూడా బయటికొచ్చి చూశారు.

పళ్ల డాక్టరు గారమ్మాయికి ఒక్క ముక్క అర్థం కాలేదు, మొత్తమంతా అర్థమైంది. ఆ నవ్వు మెల్లగా ఊడిపోయింది. మొహం ఎర్రబడింది.

“నాకేమన్నా సరదానా?” అంది. “నేను బయల్దేరిన రోజు నుంచి మా నాన్న నాతో మాట్లాడలేదు. వారం వారం ఫోన్ చేస్తాను, అమ్మే తీస్తుంది. ఈ నవ్వొక్కటి ఆపితే నేను మర్నాడే ఇంటికి పోతాను. నీకు తెలుసా? అరవడం నీకొక్కదానికే వచ్చనుకున్నావా?”

ఇది చెప్పినప్పుడు, అయితే అప్పటినుంచి స్నేహితులైపోయారా అని అడిగాను. అక్క నా వైపు అదోలా చూసింది. “స్నేహమా? నాలుగు రోజులు మాటల్లేవు. కానీ విడిగా పోకూడదు కదా. అలగాలన్నా ఇంకో గది ఉండాలి. అదే బల్ల మీద తినాలి, పక్కపక్కన మోకరించి ప్రార్థన చెయ్యాలి. తను ‘మా సిస్టర్‌ని దీవించు’ అనేది, ఆ సిస్టర్ అన్న మాట పళ్ల మధ్య నలిగిపోయేది. నేనూ అంతే.”

ఐదో రోజు అక్క అక్కడి మిషనరీల పని చూసే పెద్దాయనకి ఫోన్ చేసింది. కండక్టరమ్మ దగ్గరికి వెళ్లనివ్వకపోతే తనకి టిక్కెట్ తీసి ఇంటికి పంపేయమంది. ఆయన అంతా విని, సోమవారాలు మీకు సెలవు, బట్టలుతుక్కునే రోజు కదా, ఆ రోజు వెళ్లి ఆవిడకి ఇంటిపనిలో సాయం చెయ్యండి, బోధించాల్సిన పనిలేదు, దానికెవరు వద్దంటారు అన్నాడు.

సంతోషించాల్సింది పోయి అక్కకి ఇంకా మండిపోయింది. ఇంత తేలికైతే ముందే ఎవరైనా ఎందుకు చెప్పలేదు? తనే ఎందుకు అడగలేదు? తనమీద తనకొచ్చిన కోపమే అన్నిటికంటే ఎక్కువ రోజులు నిలిచింది.

మొదటి సోమవారం కండక్టరమ్మ తలుపు తీయలేదు. లోపలి నుంచి, “బస్సు వెళ్లిపోయింది!” అని అరిచింది. రెండో సోమవారం తీసింది. “దేవుడి మాటెత్తారో, ఇద్దరినీ కిటికీలోంచి డిపోలోకి పారేస్తా.”

ఎత్తలేదు. అక్క కిటికీ అద్దాలు తుడిచింది. పళ్ల డాక్టరు గారమ్మాయి వంటగదిలో చేరి, జిడ్డు పట్టిన పొయ్యిని గంటన్నర రుద్దింది, ఒక్కసారి కూడా నవ్వకుండా. కండక్టరమ్మ గుమ్మంలో నిలబడి, “ఈ పిల్ల మొహం ఇట్లానే బాగుంది” అంది.

ఆరు సోమవారాలు అలా వెళ్లారు. తర్వాత అక్కని వేరే ఊరికి మార్చారు. చివరి రోజు కండక్టరమ్మ అక్క భుజాలు పట్టుకుని, తనకి ఉత్తరాలు రాయొద్దనీ, చదివే ఓపిక లేదనీ చెప్పింది. ఆవిడ ఆ చర్చిలో చేరనూ లేదు, చేరాలనుకోనూ లేదు. ఆ తర్వాత వచ్చిన మిషనరీలు ఆ మూడంతస్తులు ఎక్కారో లేదో అక్కకి తెలియదు.

పద్దెనిమిది నెలలయ్యాక ఇంటికొచ్చింది. ఆ ఆదివారం చర్చిలో అందరూ చుట్టూ చేరారు. పిన్ని పిలిస్తే నేనూ వెళ్లాను. ఒక పెద్దమనిషి, బాబాయి స్నేహితుడే, అందరి ముందూ అడిగాడు.

“ఎంతమందిని చేర్చావమ్మా?”

“ముగ్గుర్ని అంకుల్. అందులో ఒకావిడ మానేసింది.”

“పోన్లే,” అన్నాడాయన, జాలిగా.

పిన్ని అప్పటికే అక్క చెయ్యి గిల్లింది. లాభం లేకపోయింది. “ఏంటంకుల్ పోన్లే?” అంది అక్క. “ఎవర్ని పోనివ్వాలి? పేరు తెలుసా మీకు వాళ్లది? ఎవరి ఇంట్లో కూర్చున్నాను, ఎవరు తిట్టారు, ఎవరు నీళ్లిచ్చారు, ఇందులో ఒక్కటి అడిగారా? ఎంతమంది అనే అడుగుతారేం?”

బాబాయి నేల చూపులు చూశాడు. ఆ పెద్దమనిషి మొహం కడుక్కొస్తానని వెళ్లి, మళ్లీ రాలేదు. తర్వాత రెండు వారాలు అక్కతో మాట్లాడలేదు. మూడో వారం తనే వచ్చి పక్కన కూర్చుని, “సరే, చెప్పు, ఎవరు తిట్టారు?” అని అడిగాడట. అక్క గంటసేపు చెప్పింది.

ఇప్పుడు అక్క మళ్లీ అదే దుకాణంలో పనిచేస్తోంది. చర్చి మానలేదు, కోపమూ మానలేదు. ఈ మధ్య, మిషనరీలుగా వెళ్లబోయే అమ్మాయిలు ముగ్గురు మధ్యాహ్నం భోజనం వేళ దుకాణం వెనక గదికి వస్తున్నారు. పెద్దవాళ్లు ఆశీర్వదించి చెప్పినదంతా విన్నాక, ఇక్కడికొచ్చి అక్కని మళ్లీ అడుగుతున్నారు. మొన్న నేనూ ఉన్నాను.

“బూట్లు ఒక సైజు పెద్దవి కొనుక్కోండి, సాయంత్రానికి కాళ్లు వాస్తాయి,” అంటోంది అక్క. “ఏ వీధిలో ఏ దుకాణంవాడు బాత్రూం వాడుకోనిస్తాడో మొదటి రోజే కనుక్కోండి. ఎవరూ చెప్పరు. కోపమొస్తుంది. రోజూ వస్తుంది. వస్తే భక్తి తక్కువైందని ఏడుస్తూ కూర్చోకండి.”

వాళ్లలో చిన్నపిల్ల భయంగా, “మరి ఎందుకెళ్లావక్కా?” అంది.

“వెళ్లాలనిపించింది, వెళ్లాను,” అంది అక్క. “నోరు తెరుచుకుని చూస్తావేం? బూట్ల సంగతి రాసుకో.”