రాజ్మా వండుకున్న రోజు

ఆ రోజు నేను రక్తం కక్కుకున్నాను. సరే, రక్తం అబద్ధం. వాంతులు మాత్రం నిజం. గుంటూరు పక్క మా ఊళ్లో పత్తంతా పురుగు పాలైన ఏడాది అది. మా ఆవిడ పోయాక ఒక్కణ్ణే. రాజ్మా వండుకుని, సరిగా ఉడక్కుండానే తినేశాను.

పక్కింటి మస్తాన్ నన్ను ఆటోలో వేసుకుని, చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "పురుగుమందు తాగావా బాబాయ్? చెప్పు" అని దారంతా ఏడ్చాడు. నేను నోరు విప్పలేదు.

కడుపు కడగడానికి డాక్టరుగారు గొట్టం తెచ్చాక విప్పాను. "రాజ్మా అండీ."

ఆయన నవ్వారు. "ఉడకని గింజలో లెక్టిన్ అనే ప్రోటీను ఉంటుంది. పేగు గోడల మీది చక్కెరలకు అతుక్కుని ఇలా కక్కిస్తుంది. బాగా మరిగిస్తే దాని బలం పోతుంది."

"ఆ ముక్క ఆటోలోనే చెప్పొచ్చుగా?" అని మస్తాన్ తిట్టాడు.

నొప్పితో మాట రాలేదన్నాను. అదీ అబద్ధమే. మా ఆవిడ తర్వాత నా చెయ్యి పట్టుకున్న మనిషి అతనే. చెబితే వదిలేస్తాడని భయపడ్డాను.