ఎవరొచ్చిండ్రు?

పాలు విరిగినా, బోరు ఎండినా మా మేనత్త మొదట అడిగేది ఒక్కటే: "ఇంటికి ఎవరొచ్చిండ్రు?" వచ్చినవాళ్లే కారణమని ఆమె మనసులో అప్పటికే తేలిపోయేది.

ఓసారి ఆమె చెన్నూరు నుంచి వచ్చి మా వాకిట్లో చెప్పులు విడుస్తుండగానే, కొట్టంలో బర్రె కూలబడి చచ్చిపోయింది.

"ఎవరొచ్చిండ్రు?" అంది అత్త, అలవాటుగా.

మేమంతా ఆమె వైపే చూశాం. ఆమె ముఖం పాలిపోయింది.

పశువుల డాక్టరు వచ్చి చూశాడు. కోసిన చేలో మళ్లీ మొలిచిన జొన్న పిలకలు మేసి విషమెక్కిందన్నాడు. అత్త అంతా శ్రద్ధగా విని, తలూపి, చెప్పులు తొడుక్కుంది.

"డాక్టర్ చెప్పింది నిజమే బిడ్డా. గని నేనొచ్చినంకనే గదా పడ్డది!"



ఆ తర్వాత నా పెళ్లికి వచ్చింది. పందిట్లోకి రాకుండా, రోడ్డు మీద నుంచే అక్షింతలు విసిరింది.