లాన్‌లో మొలిచిన పుట్టగొడుగులు

తొంభైల చివర్లో మేము స్టీలు టౌన్‌షిప్ క్వార్టర్‌లో ఉండేవాళ్లం. ఇంటి ముందు ఖాళీ జాగాలో పట్టుబట్టి గడ్డి నాటించాను. వానలు మొదలవగానే ఆ గడ్డి నిండా చొక్కా గుండీలంత గోధుమరంగు పుట్టగొడుగులు మొలిచాయి. రోజూ పొద్దున్నే పీకి పారేసేదాన్ని. మర్నాటికి మళ్లీ అన్నీ లేచేవి. నేను విసుక్కుంటుంటే మా ఆయన, "ఉండనీ, నిన్నేం చేశాయవి?" అని నవ్వేవారు.

ఒకరోజు ఆయన డ్యూటీకి వెళ్లాక బట్టలు ఆరేసి తిరిగి చూస్తే, మా ఏడాదిన్నర పాప గడ్డిలో కూర్చుని ఏదో నములుతోంది. నోట్లో వేలు పెట్టి తీస్తే సగం పుట్టగొడుగు వచ్చింది. మిగతా సగం మింగేసినట్టుంది. చేతిలో ముక్క విసిరికొట్టి, పక్కింటావిడను తోడు తీసుకుని ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాను.

"ఏ రకం పుట్టగొడుగమ్మా?" అన్నాడు డాక్టరు.

"చిన్నది. గోధుమరంగు."

"అలాంటివి చాలా ఉంటాయి. ఒకటి తెచ్చారా?"

తేలేదు. నా బుద్ధి తక్కువతనానికి ఏడుపొచ్చింది. పాపను పక్కింటావిడ ఒళ్లో పెట్టి మళ్లీ ఇంటికొచ్చాను. అప్పటికే ఎండ ముదిరింది. పొద్దున్న గుంపుగా ఉన్నవాటిలో ఒక్కటీ నిలబడి లేదు. నల్లబడిన పోగులు మాత్రం గడ్డికి అంటుకుని ఉన్నాయి.

పక్క క్వార్టర్లో మొక్కలు కత్తిరిస్తున్న ముసలి తోటమాలిని పిలిచి చూపించాను. "ఇవి విషమా, తాతా?"

"తెల్దమ్మా. మావు తినీవి తెల్లగా, పెద్దగా ఉంటాయి. ఇవెవులూ తినరు. ఎవులూ తిననప్పుడు ఇసమో కాదో ఎవులికి తెలుత్తాది?"

ఆ పోగులే కాగితంలో చుట్టి పట్టుకెళ్లాను. డాక్టరు విప్పి చూసి చెత్తబుట్టలో వేశాడు. సాయంత్రం దాకా పాపను ఆసుపత్రిలోనే ఉంచారు. పాపకు వాంతి కూడా కాలేదు. బిస్కెట్ కోసం ఏడ్చింది, అంతే.

డ్యూటీ దిగి నేరుగా వచ్చిన మా ఆయన పాపను ఎత్తుకుని, "నేను చెప్పలేదూ, ఏం కాదని?" అన్నారు.

"ఎప్పుడు చెప్పారు?" అని వార్డంతా వినబడేలా అరిచాను.

మర్నాడే గడ్డి మొత్తం పీకించేశాను. వారం తిరక్కుండా పాప మట్టి తినడం మొదలుపెట్టింది.