మూడు గాట్ల కంకకట్టె

ఉస్తాద్ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను జీపు కింద పడుకుని ఉన్నాను. సీటు మీద ఫోను రెండుసార్లు మోగి ఆగింది. చేతులకు గ్రీజు ఉండటంతో లేవలేదు. మూడోసారి లేచి చిటికెన వేలితో నొక్కాను. అమ్మ, అంటే ఉస్తాద్ భార్య, ఏడవకుండానే చెప్పింది.

"తమ్మీ, మీ ఉస్తాద్ పొద్దుగాల చాయ్ తాగిండు. కప్పు కింద పెట్టిండు. గంతే."

తర్వాత ఆమె ఏమన్నదో నాకు గుర్తు లేదు. మళ్లీ బండి కిందికి దూరి, సగం బిగించిన బోల్టును పూర్తిగా బిగించి అప్పుడు బయలుదేరాను. బోల్టును సగంలో వదిలి లేస్తే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఏ రోజు ఏ పని చేశానో రాసుకునే పుస్తకం ఒకటి నా దగ్గర ఉంటుంది. ఆనాటి పేజీలో ఒక్క ముక్కే ఉంది: "ఉస్తాద్ పోయిండు."

పాత జీపులు నడిపే మా నలుగురికి తప్ప ఆయన పెద్దగా ఎవరికీ తెలియదు. కాజీపేట రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక రేకుల కింద ఒక గుంత, ఒక వైస్, గోడకు వరసగా పానాలు. బయట బోర్డు లేదు. ఆదివారం మాత్రం చర్చి నుంచి వచ్చాకే తలుపు తీసేవాడు. మాట తక్కువ. నాదీ అదే తీరు కాబట్టి మా ఇద్దరికీ కుదిరింది.

నేను ఆయన దగ్గరికి పోవడానికి కారణం ఒక వాగు. హనుమకొండలో ఒక చిన్న దవాఖాన నుంచి సిస్టరమ్మ అనే నర్సు ప్రతి గురువారం ఏటూరునాగారం అవతలి అడవిలో ఒక గూడేనికి మందులు తీసుకుపోయేది. ఆమెను నా జీపులో తీసుకెళ్లే పని నాది. గూడేనికి ముందు వాగు ఉంది. ఎండాకాలం ఏ బండయినా దాటుతుంది. వానలు మొదలైతే ఏదీ దాటదు. ఆ ఏడు గూడెంలో ఒక పిల్లగాడికి టీబీ అని తేలింది. ఆరు నెలలు ఒక్క రోజూ తప్పకుండా గోలీలు మింగాలి. అన్నీ ఒకేసారి చేతికిచ్చి వస్తే జర నయం కాగానే మానేస్తారని సిస్టరమ్మ భయం. వారం వారం పోయి చూడాలి, బరువు తూచాలి, మిగిలిన గోలీలు లెక్కపెట్టాలి. ఆ పిల్లగాడి తండ్రి, ముసలాయన, ఒకరోజు బండి దగ్గర నిలబడి అడిగాడు.

"వానలల్ల మీరు రారాయె. నా కొడుకు సంగతేందమ్మా?"

సిస్టరమ్మ నా వైపు చూసింది.

మర్నాడు ఉస్తాద్ షెడ్డుకు పోయాను. ఫోనులో ఒక వీడియో చూపించాను. మనిషి నడుమెత్తు టైర్లు వేసుకుని ఒక బండి బురదలో చిందులేస్తోంది. అలాంటి టైర్లు వేసియ్యమన్నాను. ఆయన వీడియో మొత్తం చూసి ఫోను నా చేతిలో పెట్టాడు.

"పెద్ద బూట్లేసుకుంటె పొడుగైతవా తమ్మీ? మోకాళ్లు పోతయ్. ముందుగాల దారి చూపియ్యి."

తారు రోడ్డు అయిపోయిన చోట జీపు ఆపించాడు. అక్కడి నుంచి వాగు దాకా నడిచాము. ఆయన చేతిలో ఒక కంకకట్టె, సన్నటి వెదురు కర్ర. ప్రతి గుంతలో దాన్ని దించి చూస్తున్నాడు, ప్రతి బండ పక్కన నిలబెడుతున్నాడు. ఏ మలుపులో ఏ చక్రం గాలిలోకి లేస్తుందో ముందే చెబుతున్నాడు. వాగులో అప్పుడు మడమల లోతు నీళ్లే. చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, అరికాళ్లతో రాళ్లను తడుముతూ అవతలికి పోయి వచ్చాడు. ఇంజను విప్పకుండా చెవితోనే జబ్బు చెప్పే మేస్త్రీలను నేను చూశాను. కాళ్లతో దారిని చదివే మనిషిని చూడటం అదే మొదలు.

తిరిగి జీపు దగ్గరికి వచ్చాక కట్టెను బండి పక్కన నిలబెట్టి కత్తితో మూడు గాట్లు పెట్టాడు. మొదటిది ఇరుసు ఎత్తు. రెండోది ఇంజను ముందు తిరిగే ఫ్యాను ఎత్తు. మూడోది డ్రైవరు కాళ్ల కింది రేకు కన్నా బెత్తెడు పైన.

"మొదటి గాటు దాక ఫికర్ లేదు. రెండోది మునిగితె ఫ్యాను నీళ్లు చిమ్ముతది, బెల్టు తీసి పోవాలె. మూడోది మునిగితె మర్లి రావాలె. గంతే, పెద్ద సదువేం లేదు."

ఆ ఎండాకాలమంతా బండి ఆయన షెడ్డులోనే ఉంది. గురువారాలకు మా నలుగురిలో ఒకరి జీపు అడిగి తీసుకుపోయేవాణ్ణి. కొత్తవి ఏం బిగిస్తాడా అని నేను ఎదురుచూస్తుంటే మొదటి నెల అన్నీ విప్పి పడేశాడు. ముందరి మెరుపు కమ్మీలు, నేను మోజుపడి పెట్టించిన నాలుగు లైట్లు, బరువైన వెనక సీటు. దాని చోట తేలికైన చెక్క బల్ల వేశాడు. విప్పిన బోల్టులను ఏ వరసలో తీశాడో అదే వరసలో తీగకు గుచ్చి మేకుకు దండలా వేలాడదీసేవాడు. బిగించేటప్పుడు ఆ దండను చివరి నుంచి విప్పుకుంటూ వచ్చేవాడు. ఒక్క బోల్టు మిగల్లేదు, ఒక్కటి తక్కువ పడలేదు.

తర్వాత బండి కుదుపులు మోసే కమాన్ పట్టీలు పట్టుకున్నాడు. గట్టిగా ఉన్న పట్టీ ఒకటి తీసి, పొడుగైన మెత్తటి పట్టీ వేశాడు. ఒక చక్రాన్ని రైలు పట్టాల కింది పాత కట్టె స్లీపరు మీదికి ఎక్కించి, మిగతా మూడు టైర్ల కింద పేపరు ముక్కలు పెట్టి గుంజమన్నాడు. పేపరు జారి వస్తే ఆ చక్రం నేలను పట్టలేదన్నమాట. మళ్లీ విప్పాలి. ఎనిమిదిసార్లు విప్పాడు. తొమ్మిదోసారి మూడు పేపర్లూ చిరిగాయే గాని రాలేదు. చిరిగిన ముక్క చేతిలో పట్టుకుని ఆయన చిన్నపిల్లాడిలా నవ్వాడు. ఆ ముక్క ఇంకా నా పుస్తకంలో ఉంది.

ఇంజను గాలి పీల్చే చోటు కింద ఉంటే వాగు నీళ్లు మింగుతుంది. అందుకని ఒక గొట్టాన్ని అద్దం పక్క నుంచి పైకప్పు దాకా లేపాడు. పక్కింటాయన గోడ మీద నుంచి చూసి, "ఏందన్నా, జీపుకు తొండం మొలిసింది?" అని ఎగతాళి చేశాడు.

"మొలవనీ. ఏనుగు వాగు దాటుతది గద" అన్నాడు ఉస్తాద్, పని ఆపకుండానే.

తొలి వానల్లో నేనే నడిపాను. ఆయన రాలేదు. తారు రోడ్డు మీద జోరుగా పోయి, అదే ఊపుతో వాగులో దిగి, అవతల తేలాను. గూడెం పిల్లలు కేకలు వేశారు. నాకు గర్వంగా ఉండింది. తిరిగి వచ్చాక ఉస్తాద్ వెనక ఇరుసు నడుమ ఉండే ఇనుప గుండు నుంచి నూనె దించి చూశాడు. తేనెలా ఉండాల్సిన నూనె మజ్జిగలా తెల్లగా కారింది. లోపలికి నీళ్లు పోయాయి. ఇంకో రెండు వారాలు అట్లాగే నడిపి ఉంటే లోపలి గేర్ల పళ్లు అరిగి అడవి నడుమ ఆగిపోయేవాళ్లం.

నన్ను తిడతాడనుకున్నాను. ఆయన తన నుదురు తానే కొట్టుకున్నాడు.

"తప్పు నాది తమ్మీ. ఇంజనుకు ముక్కు పెట్టిన, ఇరుసుకు మర్చిపోయిన. రోడ్డు మీద ఉరికొచ్చిన ఇనుము కాకమీద ఉంటది. సల్లటి నీళ్లల్ల పడంగనే గటుక్కున గాలి పీలుస్తది. గాలి అందకపోతె నీళ్లే తాగుతది."

ఇరుసు మీది ఊపిరి రంధ్రానికి సన్నటి రబ్బరు గొట్టం తగిలించి పైకి తెచ్చాడు. అయినా ఆ తర్వాత నుంచి గురువారాలు తానే ముందు సీట్లో కూర్చుని వచ్చేవాడు. వాగు ఒడ్డున బండి ఆపించి, కిందికి దూరి, ఇరుసు గుండు మీద అరచెయ్యి ఆనించేవాడు. చెయ్యి కాలకుండా ఉండేదాకా కదలనిచ్చేవాడు కాదు.

"గొట్టం పెట్టినం గద ఉస్తాద్, ఇంకా ఆగుడెందుకు?" అని అడిగాను ఒకసారి.

"గొట్టం ఇనుముకు. ఆగుడు నీకు."

ఆ మాట ఎంత బరువో శ్రావణంలో ఒక గురువారం తెలిసింది. ముందటి రెండు రోజులు ఎడతెగని వాన. పిల్లగాడి గోలీలు ముందు రోజుతోనే అయిపోయాయి. మేము చేరేసరికి వాగు ఎర్రగా, చెట్ల కొమ్మలను దొర్లించుకుంటూ పోతోంది. అవతలి ఒడ్డున ముసలాయన అప్పటికే వచ్చి గొంతుక్కూర్చున్నాడు. ఉస్తాద్ నడుముకు తాడు కట్టుకుని, రెండో కొస బంపరుకు ముడేసి, కట్టె పట్టుకుని దిగాడు. నాలుగడుగులు వేసేసరికే మూడో గాటు మునిగింది. వెనక్కి వచ్చి తాడు విప్పుకున్నాడు.

"లో గేరేసి ఇడిస్తె దాటుతది ఉస్తాద్. ఇంత చేసింది దేనికి మరి?" అన్నాను. గొంతు లేచింది. ఆయన ముందు నా గొంతు లేవడం ఆ ఒక్కసారే.

"దాటుతదో దాటదో నాకు గూడ తెల్వదు. తెల్వనప్పుడు కట్టె చెప్పినట్టు ఇంటా."

అవతలి నుంచి ముసలాయన చేతులు నోటికి అడ్డం పెట్టుకుని అరిచాడు. "ఓ ఉస్తాదూ! నీది ఏనుగంటివి! బెదిరిందా?"

"ఏనుగు బెదరలే! మావటోడు బెదిరిండు!"

ముసలాయన నవ్వు వాగు హోరులోనూ వినిపించింది. సిస్టరమ్మ మందుల సంచి ఒళ్లో పెట్టుకుని, టిఫిను డబ్బా విప్పింది. ఉస్తాద్ నీటి అంచున ఒక పుల్ల గుచ్చి వచ్చి కూర్చున్నాడు. కాసేపటికి నీళ్లు పుల్లను వదిలి జానెడు కిందికి పోయాయి. ఇంకో పుల్ల గుచ్చాడు. ఒక ఎండాకాలమంతా నీళ్లు దాటడానికే బండి కట్టిన మనిషి, ఆ నీళ్ల ముందు అంత నిమ్మళంగా కూర్చోవడం నాకు అప్పుడు అర్థం కాలేదు. పుల్లల వరస పెరుగుతూ పోయింది. పొద్దు నడినెత్తి దాటి పడమటికి వాలింది. తాడు కట్టుకుని మళ్లీ దిగి, ఈసారి నడి వాగు దాకా పోయాడు. రెండో గాటు తేలే ఉంది.

బయలుదేరే ముందు మళ్లీ బండి కిందికి దూరి ఇరుసు మీద చెయ్యి పెట్టాడు. నాకు నవ్వొచ్చింది.

"ఆగి నాలుగు గంటలాయె, ఇంకా సల్లగ కాలేదా?"

"ఒక్కనాడు ఇడిసిపెడితె అది అలవాటు కాదు తమ్మీ."

"మా గోలీల ముచ్చట గూడ గదే ఉస్తాద్" అంది సిస్టరమ్మ వెనక నుంచి.

దాటాము. నీటి అడుగున ఒక్కో చక్రం తన రాయిని తాను వెతికి పట్టుకోవడం స్టీరింగులో నా చేతులకు తెలిసింది. తొమ్మిదోసారి పేపరు ఎందుకు చిరిగిందో అప్పుడు తెలిసింది. ఆ పొద్దటి గోలీ ఆ పొద్దే పిల్లగాడి నోట్లో పడింది. ఆరు నెలలూ తప్పలేదు. ఇప్పుడు వాడు తునికాకు మోపు ఎత్తుకుని మా బండి కన్నా ముందు నడుస్తాడు.

ఉస్తాద్‌ను కాజీపేటలో మట్టి చేసిన మూడోనాడు అమ్మ షెడ్డు తలుపు తీసింది. ఏమన్నా కావాలంటే తీసుకొమ్మంది. నేను పానాల వైపు చూడలేదు. మూల నుంచి కట్టె తీసుకున్నాను. పట్టుకునే చోట నున్నగా అరిగి ఉంది.

మొన్న గురువారం సన్నటి వాన. ముందు సీటు ఖాళీగా ఉన్నా సిస్టరమ్మ ఎప్పటిలాగే వెనకే కూర్చుంది. ఒడ్డున బండి ఆపి కిందికి దూరి ఇరుసు మీద అరచెయ్యి పెట్టాను. కాలింది. తీసి మళ్లీ పెట్టాను. వేడి దిగేదాకా అక్కడే పడుకున్నాను. తర్వాత చెప్పులు విడిచి, తాడు కట్టుకుని, కట్టెతో నీళ్లలో దిగాను.

నడి వాగులో ఉండగా అవతలి నుంచి కేక వినిపించింది. ముసలాయన.

"ఉస్తాదేడీ?"

చెప్పాలని నోరు తెరిచాను. అంత హోరులో అరిచి చెప్పే మాట కాదది. కట్టెను నీళ్లలోంచి తీసి రెండు చేతులతో పైకెత్తి చూపించాను. ముసలాయన దాన్ని చూశాడు. తలకు చుట్టుకున్న తువ్వాల మెల్లగా విప్పి, వానలో వట్టి తలతో నిలబడ్డాడు.

కట్టెను మళ్లీ రాళ్ల నడుమ దించాను. నీళ్లు దాని దగ్గరికి వచ్చి, రెండుగా చీలి, మొదటి గాటును ఒరుసుకుంటూ పోతున్నాయి.