నర్సు పిలిచిన పేరు

నా డైరీకి తప్ప ఎవరికీ చెప్పని మాట ఇది. ఉదయగిరిలో అందరికీ నేను మగపిల్లవాణ్ణే. డైరీలో మాత్రం సుజాతను.

నిరుడు డిగ్రీలో ఉండగా, మగవాడిలా డాక్టరు ముందు చొక్కా విప్పలేక కడుపునొప్పిని నెలల తరబడి దాచాను. చివరికి అక్క చీర కట్టుకుని, నన్నెవరూ ఎరగని ఆత్మకూరులో ఒక ఆసుపత్రికి వెళ్లాను. ఆడవాళ్ల వరసలో నిలబడితే నా వెనకామె, "ఏందిరా, మగోళ్ల లైను అటుండాది" అంది. అందరూ నవ్వారు. కదిలితే ఏడ్చేస్తానని కదల్లేదు.

చీటీ రాసేవాడు పేరడిగితే "సుజాత" అన్నాను. ఆ పేరు పైకి పలకడం అదే మొదలు. అతను తలెత్తకుండా రాసేశాడు.

కాసేపటికి నర్సు రెండుసార్లు పిలిచింది. అలవాటు లేక, అది నా పేరేనని తట్టలేదు.

మందులతో నొప్పి తగ్గిపోయింది. మిగిలింది బల్ల మీద నా పక్కన కూర్చున్న ఆ వెనకామె మోచేత్తో పొడిచి అన్న మాటే: "సుజాతంటే నువ్వే గదమ్మా. నిన్నే పిలస్తా ఉండారు, పో."